6 ఆదివారాలు, 900 రూపాయలు: మా తెనాలి ఫోన్ క్లాసు ఎలా ఉందంటే

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం రేటింగ్ ముందే చెప్పేస్తున్నాను, 5కి మూడున్నర. ఒక్క రెండో క్లాసుకే అయితే 5కి 5 ఇచ్చేదాన్ని. ఐదో క్లాసు సంగతి కింద చెప్తాను, అది తలుచుకుంటే ఇప్పటికీ చిరాకే.

మాది తెనాలి. చీరల మ్యాచింగ్ సెంటర్ నడుపుతాను, ఫాల్స్, లైనింగులు, బ్లౌజు పీసులు. వయసు 51. ఫోన్ అంటే భయపడే బాపతు కాదు నేను. కొట్టు వాట్సాప్ గ్రూపులో 400 మందికి పైగా ఉన్నారు, కొత్త స్టాకు దిగగానే ఫొటోలు తీసి పెట్టేది నేనే, క్యూఆర్ కోడ్ మీద డబ్బులు పడ్డాయో లేదో చూసుకునేది నేనే, సూరత్ వాళ్లకి పేమెంట్ పంపేదీ నేనే. అందుకని పక్క వీధి ట్యూషన్ సెంటర్ ముందు "40 దాటినవారికి ఫోన్‌లో ఆరోగ్యం" అని ఫ్లెక్సీ చూసినప్పుడు, ఇదేదో మా అత్తగారిలాంటి వాళ్లకి పనికొచ్చేది, నాకెందుకులే అనుకుని వచ్చేశాను.

పది రోజులు తిరక్కుండానే నా సంగతి బయటపడింది. మావారికి 56. స్నేహితుడెవరో చెప్పారని ఒక ల్యాబు వాళ్ల ఫుల్ బాడీ చెకప్ చేయించుకున్నారు, ఒకే ప్యాకేజీలో 62 పరీక్షలు. పొద్దున ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు, రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో పీడీఎఫ్ పడింది. 18 పేజీలు, నాలుగు చోట్ల ఎర్రక్షరాలు. మూడింటిని వదిలేశాను కానీ ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపో ఇన్ఫెక్షనో ఉందేమో చూసే రక్తపరీక్ష) అని ఉన్నచోట 28 అని ఎర్రగా, దాని పక్కన హెచ్ అని పెద్దక్షరం, అంటే ఎక్కువుందని. ఆ పేరు కొట్టి గూగుల్‌లో వెతికాను. మొదట ఇన్ఫెక్షన్ అంది, సరే. తర్వాతి పేజీలో కీళ్లవాతం. ఆ తర్వాత వీడియోలో ఒకాయన తెల్లకోటు వేసుకుని రక్త క్యాన్సర్ లక్షణాలు ఇవీ అని చెప్పుకుంటూ పోతున్నాడు, నేను పక్కన గురక పెడుతున్న మనిషి మెడ తడిమి గడ్డలేమైనా ఉన్నాయా అని చూస్తున్నాను. తెల్లారేదాకా కన్ను మూతపడలేదు.

పొద్దున్నే మేము ఎప్పుడూ వెళ్లే డాక్టరు గారి దగ్గరికి లాక్కుపోయాను. ఆయన ఆ 18 పేజీలు అటూ ఇటూ తిప్పి, "పోయిన వారం జలుబు, జ్వరం ఏమైనా వచ్చాయా?" అని అడిగారు. వచ్చాయి, మూడు రోజులు పడుకున్నారు కూడా. "అదే అయ్యుంటుంది, నెలాగి మళ్లీ చూద్దాం" అన్నారు. నెలాగి చేయిస్తే 12. ఆ రోజు డాక్టరు దగ్గర్నుంచి ఇంటికొచ్చాక మావారు ఒక్క మాటే అన్నారు, "రాత్రి నా పీక ఎందుకు పట్టుకున్నావో అప్పుడే అడుగుదామనుకున్నా" అని. ఆ సాయంత్రమే వెళ్లి 900 కట్టాను.

క్లాసు మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా, ఆరు ఆదివారాలు. రెండో అంతస్తులో రేకుల గది, ఒక ఫ్యాను, పిల్లలు కూర్చునే బెంచీలు. 14 మందిమి, 43 నుంచి 61 ఏళ్ల దాకా. రిటైరవబోతున్న బ్యాంకు ఆయన ఉన్నారు, కూరగాయల హోల్‌సేల్ చేసే బాబాయ్ ఉన్నారు, ఇద్దరు టీచర్లు, మిగతావాళ్లం ఆడవాళ్లం. చెప్పే అమ్మాయి ఇంతకుముందు ఏదో ల్యాబులో టెక్నీషియన్‌గా చేసిందట, పెళ్లయ్యాక మానేసింది. మనిషి మంచిది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు, అందర్నీ బాబాయ్, పిన్నీ అంటూ మొదటి రోజే కలుపుకుపోయింది.

మొదటి క్లాసులో సగం అక్షరాలు పెద్దవి చేసుకోవడానికే పోయింది. నవ్వకండి, చత్వారం వచ్చినవాళ్లకి అదే పెద్ద పని, మందు చీటీ మీద అక్షరం కనపడక 5 అన్నది 50 అని చదివిన మనిషి మాలోనే ఉన్నాడు. తర్వాత మైక్ గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైప్ అవుతుందని చూపించింది. బాబాయ్ "మోకాలి గుజ్జు అరిగితే" అని అడిగితే ఫోన్ "మొక్కజొన్న గుజ్జు" అని రాసుకుని వంటల వీడియోలు చూపించింది, అక్కడితో గదిలో అందరి బెరుకూ పోయింది. చివర్లో ఒక కాగితం ఇచ్చింది. ఎనిమిది ప్రశ్నలు, కెనడాలో నార్మన్, స్కిన్నర్ అనే పరిశోధకులు 2006లో తయారుచేసినవట. ఆరోగ్య విషయాలు నెట్‌లో ఎక్కడ దొరుకుతాయో నాకు తెలుసు, దొరికినవాటిలో మంచీ చెడూ తేల్చుకోగలను, వాటిని బట్టి నిర్ణయం తీసుకునే ధైర్యం నాకుంది, ఇలాంటివి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మనకి మనమే మార్కులేసుకోవాలి. మొత్తం 40కి నేను 33 వేసుకున్నాను. ఈఎస్‌ఆర్ రాత్రి జరిగి రెండు వారాలు కూడా కాలేదు, అయినా 33! కొట్టు నడిపే ఫోన్ వేరు, రోగాన్ని వెతికే ఫోన్ వేరు అన్న సంగతి అప్పటికి నాకింకా ఎక్కలేదన్నమాట. కాగితం మడిచి ఆ అమ్మాయి దగ్గర పెట్టుకుంది.

రెండో క్లాసు కోసమే ఈ రివ్యూ రాస్తున్నానంటే తప్పులేదు. అందర్నీ పాత రిపోర్టులు తెచ్చుకోమంది. బోర్డు మీద ఒక గీత గీసి, నార్మల్ అని అచ్చేసే హద్దులు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న వంద మందికి పరీక్ష చేస్తే నడిమధ్య 95 మంది అంకెలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పడతాయో, చాలా పరీక్షలకి ఆ హద్దునే నార్మల్ అంటారట. మిగిలిన ఐదుగురికి కూడా ఏ జబ్బూ లేదు, కానీ వాళ్ల కాగితం మీద ఎరుపు పడుతుంది. నాకు వెంటనే మా కొట్లో రెడీమేడ్ బ్లౌజులు గుర్తొచ్చి పైకే అనేశాను, 32 నుంచి 42 దాకా తెప్పిస్తే దాదాపు అందరికీ సరిపోతాయి, 44 అడిగినావిడకి జబ్బున్నట్టా అని. ఆ అమ్మాయికి అది తెగ నచ్చింది, మిగతా నాలుగు వారాలూ "మన పిన్ని బ్లౌజు లెక్క" అనే చెప్పింది.

తర్వాత చెప్పిన లెక్క విని బ్యాంకాయన కూడా నోరెళ్లబెట్టారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు 20 చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కనీసం ఒకచోటైనా ఎరుపు పడే అవకాశం 64 శాతం. ఆయన అక్కడే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి 0.95ని 20 సార్లు గుణించి, ఒకటిలోంచి తీసేసి, "నిజమే" అన్నారు. మరి మావారికి చేసినవి 62. ఎరుపు పడకపోతేనే వింత! ప్యాకేజీలో ఎన్ని ఎక్కువ పరీక్షలుంటే అంత లాభం అని బేరంలా చూసే నాలాంటివాళ్లకి ఈ ముక్క ఆ ల్యాబు వాళ్లే ఒక్క వాక్యంలో రిపోర్టు మొదటి పేజీ మీద అచ్చేయొచ్చు కదా అనిపించింది.

అలాగని ఎరుపంతా వదిలేయమని చెప్పలేదు. షుగర్ లాంటివాటి హద్దులు వేరే లెక్క, ముప్పుని బట్టి పెట్టినవి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 లోపుంటే మామూలు, 5.7 నుంచి 6.4 దాకా హద్దు మీద ఉన్నట్టు, 6.5 నుంచి షుగర్ కిందే లెక్క, అది కూడా మళ్లీ చేయించి ఖాయం చేసుకోవాలి. టీచర్లలో ఒకావిడ రిపోర్టులో 6.1 ఉంది, పోయినేడాది 5.8, ముందటేడు 5.6. మూడేళ్లూ ఆవిడ విడివిడిగా చూసుకుని పర్లేదులే అనుకుంది. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టేసరికి అంకె ఎటు నడుస్తోందో గదిలో అందరికీ కనపడింది. ఆవిడ మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లింది.

ఇంకొకావిడకి థైరాయిడ్ మాత్ర వాడుతుంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్షలో చూసే అంకె) ఉన్నట్టుండి బాగా తగ్గిపోయి కనిపించింది. జుట్టు రాలుతోందని ఏమైనా వాడుతున్నావా పిన్నీ అని అడిగింది ఈ అమ్మాయి. వాడుతోంది, బయోటిన్ మాత్రలు, నెట్‌లో ఆర్డరిచ్చి తెప్పించుకుంది. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రకాల థైరాయిడ్ పరీక్షల్ని తప్పుగా చూపించగలదట. మాత్ర మోతాదు మార్చేముందు ఈ సంగతి డాక్టరుకి చెప్పు అంది. అంతవరకే అంది, ఇది ఆపు, అది వేసుకో అని ఎక్కడా అనలేదు, అది నాకు నచ్చింది.

మూడో క్లాసు వెతకడం గురించి. నేను తెలుగులో, పక్కావిడ ఇంగ్లీషులో ఒకే ప్రశ్న వెతికాం, షుగర్ తగ్గాలంటే ఏం చేయాలని. ఆవిడకి పెద్దాసుపత్రుల పేజీలు ముందొచ్చాయి. నాకు వరసగా వీడియోలు, "7 రోజుల్లో షుగర్ మాయం", కాకరకాయ ఫొటో, దాని పక్కన కళ్లు పెద్దవి చేసుకున్న ఒకమ్మాయి. తెలుగులో సరైనది లేదని కాదు, కిందెక్కడో ఉంది, దానికంటే ముందు అమ్ముకునేవాళ్లు కూర్చున్నారు. ఏ పేజీ తెరిచినా చదవడం మొదలెట్టకుండా ముందు అడుగుకి వెళ్లిపొమ్మంది. అక్కడ ఆర్డర్ బటనో వాట్సాప్ నంబరో ఉంటే అది అమ్ముకునేవాళ్ల కొట్టేనన్నమాట. నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది! కొట్టు పెట్టి బోర్డు కట్టిన మనిషి తన చీర మంచిదనే చెప్తుంది కదా. ఇంగ్లీషు పేజీని కెమెరాతో తెలుగులోకి మార్చుకుని చదవడం కూడా చూపించింది, కానీ మోతాదులు, "వేసుకోవాలి", "వేసుకోకూడదు" అన్న చోట్ల మాత్రం ఆ తర్జుమాని నమ్మొద్దని రెండుసార్లు చెప్పింది.

ఆ రోజే నా పరువు పోయింది. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని వచ్చే మెసేజ్‌లకి ఉదాహరణగా ఒకటి తెర మీద వేసింది. ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా ఊపిరి పీల్చి దగ్గుతూ ఉండండి, ప్రాణం నిలుస్తుంది, పది మందికి పంపండి అని. అది నేను మా కొట్టు గ్రూపులో పెట్టాను. సరదాగా కాదు, నిజంగా మేలు జరుగుతుందని, చేతులు జోడించిన బొమ్మ కూడా తగిలించి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లాంటివాళ్లు మామూలు జనానికి దీన్ని సిఫారసు చేయట్లేదని ఎప్పుడో చెప్పేశారట, దగ్గుతూ కూర్చుంటే 108కి ఫోన్ చేయాల్సిన నిమిషాలు పోతాయి. గదిలో ఎవరికీ చెప్పలేదు కానీ ఇంటికొచ్చి అరగంట కూర్చుని దిద్దుబాటు మెసేజ్ రాశాను, పోయిన నెల నేను పెట్టింది తప్పు, ఛాతీలో నొప్పి వస్తే దగ్గొద్దు, 108కి చేయండి అని. 400 మందిలో ఇద్దరు బొటనవేలు చూపించారు. మూడో ఆవిడ "అక్కా, మొన్నటి పింక్ లైనింగ్ ఇంకా ఉందా?" అంది.

నాలుగో క్లాసు ఆభా గురించి. ఇక్కడ మా అందరికీ ఒకటే గందరగోళం, ఆభా అంటే ఆయుష్మాన్ కార్డు అనుకున్నాం. కాదట. ఆయుష్మాన్ కార్డు వైద్యం ఖర్చుకి, అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా. ఆభా అనేది ఉత్త 14 అంకెల నంబరు, మన రిపోర్టులూ మందు చీటీలూ ఒకచోట జత చేసుకోవడానికి, డబ్బులేమీ ఇవ్వదు, చేయించుకోవడానికి మనమూ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఎవరైనా ఆభా కార్డుకి ఫీజు అడిగితే తేడా ఉన్నట్టే. దేశమంతా మొదలైంది 2021 సెప్టెంబరులో. ఆ సౌకర్యం పెట్టిన ఆసుపత్రుల్లో ఓపీ దగ్గర గోడకున్న క్యూఆర్ స్కాన్ చేస్తే మన పేరూ వయసూ కౌంటరుకి వెళ్లిపోయి టోకెన్ ఫోన్‌లోకే వస్తుంది. మా అమ్మని తీసుకెళ్లినప్పుడు చేసి చూశాను, పేరు స్పెల్లింగ్ చెప్పుకుంటూ కిటికీ దగ్గర నిలబడే పని తప్పింది.

అయితే క్లాసులో 14 మందిలో ఐదుగురికి ఆభా రాలేదు, ఎందుకంటే ఆధార్‌కి ఉన్న ఫోన్ నంబరు ఎప్పుడో పారేసిన సిమ్ముది, ఓటీపీ ఎక్కడికో పోతోంది. ఇది ముందు వారమే చెప్పి ఉంటే ఆధార్ సెంటర్‌కి వెళ్లి మార్పించుకుని వచ్చేవాళ్లు. ఆ ఐదుగురూ రెండు గంటలూ పక్కవాళ్ల ఫోన్లలోకి తొంగిచూస్తూ కూర్చున్నారు. డబ్బులు కట్టి వచ్చినవాళ్లు పాపం.

అదే రోజు ఈ-సంజీవని చూపించింది, ప్రభుత్వానిదే, ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడొచ్చు, ఉచితం. ఇంకో చిన్న సంగతి, మందుల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా కొనాల్సింది కాదట. ఇన్నేళ్లుగా ఆ గీత డిజైను అనుకున్నాను. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, స్కాన్ చేస్తే మందు పేరు, బ్యాచి, ఎక్స్‌పైరీ వస్తాయి. ఇంటికొచ్చి మావారి మందుల డబ్బా బోర్లించి అన్నీ వెతికాను, ఒక్కదాని మీదే ఉంది, చీర అంచు మీద పోగంత సన్నగా ముద్ర. వచ్చిన ఎక్స్‌పైరీ, అట్ట మీదిది సరిపోయాయి.

ఐదో క్లాసు మొదటి సగం మోసాల మీద, బాగానే ఉంది. కూరగాయల బాబాయ్ వాళ్ల తోడల్లుడు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి అపాయింట్‌మెంట్ కోసం గూగుల్‌లో నంబరు వెతికి ఫోన్ చేశాడు. అవతలి మనిషి చక్కగా పేషెంటు పేరు, వయసు అడిగి, రిజిస్ట్రేషన్‌కి పది రూపాయలు కట్టాలి, లింకు పంపుతున్నాను అన్నాడు. వచ్చింది ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లోకి యాప్ ఎక్కించేది. నొక్కాడు, పది రూపాయలు కట్టాడు, సాయంత్రానికి ఖాతాలోంచి 48 వేలు పోయాయి. ఆ నంబరు ఆసుపత్రిది కాదు, ఎవరో పెట్టిన దొంగ నంబరు. వాళ్లబ్బాయి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయబట్టి కొంత సొమ్ము దారిలో ఆగింది. బాబాయ్ ఇది చెప్తున్నంతసేపూ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆసుపత్రి నంబరు పాత చీటీ మీదో బిల్లు మీదో చూసుకోండి, వెతుక్కోవద్దు అని రాయించింది.

రెండో సగంలో "మనకి తెలిసిన అన్నయ్య, రెండు మాటలు చెప్తాడు" అంటూ ఒక ఇన్సూరెన్స్ ఏజెంటుని లోపలికి పిలిచింది. రెండు మాటలు కాస్తా నలభై నిమిషాలయ్యాయి. అందరి ఫోన్ నంబర్లూ కాగితం మీద రాయించుకున్నాడు. పేజీ అడుగున ఏం అమ్ముతున్నారో చూడమని చెప్పింది మీరేగా అని నేను అడిగేశాను, ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది, సారీ చెప్పింది కూడా. ఆ తర్వాత వారం రోజులు నాకు రోజుకో ఫోన్. మార్కులు కోసింది ఇక్కడే.

ఆరో క్లాసులో బీపీ మిషన్ వాడకం: ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, పాదాలు నేలకానాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు, నిమిషం ఆగి రెండోసారి చూడాలి. నేనిన్నాళ్లూ కస్టమరుతో బేరమాడుతూ చూసుకునేదాన్ని. తర్వాత ఏఐ చాట్‌ల గురించి పది నిమిషాలు. కేవలం పది! క్లాసులో సగం మంది ఇప్పుడు గూగుల్ కూడా మానేసి, రిపోర్టు ఫొటో తీసి ఏఐనే తెలుగులో అడుగుతున్నారు, అది కూడా డాక్టరంత ధీమాగా చెప్తోంది, మరి దాన్నెలా సరిచూసుకోవాలో చెప్పకుండా "జాగ్రత్తగా వాడండి" అని వదిలేస్తే ఎలా? మొదటి క్లాసు సగానికి సగం కోసి దీనికివ్వాలి.

చివర్లో అదే ఎనిమిది ప్రశ్నల కాగితం మళ్లీ ఇచ్చింది. నాకు ఈసారి 26 వచ్చింది. తగ్గిందేంటి, 900 కట్టి మార్కులు పోగొట్టుకున్నానా అని నవ్వితే, పాత కాగితాలు తీసి చూపించింది, 14 మందిలో తొమ్మిది మందికి తగ్గాయి. "మంచీ చెడూ తేల్చుకోగలను" అన్నదానికి పోయినసారి 5 వేశాను, ఈసారి 2 వేశాను. ఆ 2 మాత్రం నిజంగా ఆలోచించి వేసింది.

ఇక లోపాలు గబగబా. ఐఫోన్ ఉన్నవాళ్లు వెళ్లకండి, అక్కడ చూపించేదంతా ఆండ్రాయిడే, ఐఫోన్ తెచ్చిన టీచరమ్మ రెండో వారం నుంచి వాళ్లమ్మాయి పాత ఫోన్ తెచ్చుకుంది. చేతికి తెలుగులో నోట్సు ఏమీ ఇవ్వరు, బోర్డు ఫొటో తీసుకోవాల్సిందే. బ్యాంకాయన ఒక్కరే ప్రశ్నలు అడుగుతూ పోతే ఆపేవాళ్లు లేరు. ప్రభుత్వం 2017లో పల్లెల్లో పెట్టిన డిజిటల్ అక్షరాస్యత పథకంలో మా చెల్లెలు 20 గంటల క్లాసు ఉచితంగా చేసింది, అది 2024 మార్చితో అయిపోయింది. అందుకే 900 ఎక్కువా అంటే, నేను ఎక్కువనను. ఆ ల్యాబు ప్యాకేజీ దీనికి రెండింతలు.

తర్వాతి బ్యాచ్ సంక్రాంతి వెళ్లాక అంటున్నారు. చేరేముందు ఏజెంటు వస్తాడా అని మొహమాటం లేకుండా అడగండి, మీ ఆధార్‌కి ఏ నంబరుందో చూసుకోండి, కిందటేడు రిపోర్టులుంటే పట్టుకెళ్లండి. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కాస్త ముందే బయల్దేరండి.